కొత్త ఫూస్‌బాల్ టేబుల్ మీద టోర్నమెంట్ ఆడాల్సి వస్తే: ఏ టేబుల్, ఏ షాట్, ముందా వెనకా

హైదరాబాద్ ఆఫీసుల్లో ఫూస్‌బాల్, అంటే రాడ్లకి గుచ్చిన బొమ్మలతో ఆడే టేబుల్ ఫుట్‌బాల్, ఆడిన ప్రతివాళ్ళకీ ఒక నమ్మకం ఉంటుంది, టేబుల్ అంటే టేబులే కదా, రాడ్ తిప్పితే బాల్ వెళ్తుంది, ఎక్కడైనా ఒకటే అని. నాకూ ఉండేది. మాదాపూర్‌లో లంచ్ అయ్యాక ఇరవై నిమిషాలు ఆడిన ఆటకీ, తర్వాత టెక్సాస్‌లో ఆరేళ్ళు వారానికి రెండు రాత్రులు టోర్నాడో కంపెనీ టేబుల్ మీద ఆడిన ఆటకీ సంబంధం లేదని అక్కడికెళ్ళిన మొదటి నెలలోనే తెలిసింది, ఆ తర్వాత జర్మనీకి ట్రాన్స్‌ఫర్ అయ్యి లియోన్‌హార్ట్ టేబుల్ ముందు నిలబడ్డప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలైంది, ఇంకో ఏడాదికి బోర్డర్ దాటి స్ట్రాస్‌బర్గ్ వైపు ఒక క్లబ్ టోర్నమెంట్‌కి వెళ్తే అక్కడ బోంజీనీ టేబుల్, మొదటి మ్యాచ్ మూడు సెట్లూ వరసగా పోయాయి. అవతల ఆడినాయన నాకంటే గొప్ప ప్లేయరేం కాదు, రెండో రోజు ప్రాక్టీస్ టేబుల్ మీద ఆయనతో ఆడితే సమానంగానే ఆడాను. తేడా అంతా మొదటిరోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో ఉంది.

ఆ నిర్ణయాల గురించే ఇది. మనవాళ్ళు డల్లాస్ నుంచి మ్యూనిక్‌కి, మ్యూనిక్ నుంచి పారిస్‌కి ప్రాజెక్టుల మీద తిరుగుతూనే ఉంటారు, వీకెండ్ టోర్నమెంట్ ఉందని ఎవరో చెప్తే పేరిచ్చేస్తారు, ఎంట్రీ ఫీజు ఎంత, ఎన్నింటికి రావాలి అన్నీ అడుగుతారు గానీ ఏ టేబుల్ అని మాత్రం అడగరు. మొదట అడగాల్సింది అదే. నా అభిప్రాయం ఏంటో ఇక్కడే చెప్పేస్తా, తర్వాత కారణాలు చూడండి: కొత్త టేబుల్ మీద మీకు దొరికే కాస్త టైమ్‌లో షాట్ మీద పెట్టేది తగ్గించండి, బాల్ ఆపడం, ఫైవ్ బార్ (మధ్యలో ఐదు బొమ్మలున్న రాడ్) నుంచి త్రీ బార్‌కి (ముందు మూడు బొమ్మలున్న రాడ్) పాస్ ఇవ్వడం, ఈ రెండింటి మీద పెట్టండి. దాదాపు అందరూ దీనికి ఉల్టా చేస్తారు.

అసలు తేడా ఎక్కడుంది

అంతర్జాతీయ ఫెడరేషన్ ఐటీఎస్‌ఎఫ్ 2002లో మొదలైంది. ఆటకి ఒకే టేబుల్ అని వాళ్ళు పెట్టలేకపోయారు, ఎందుకంటే ఒక్కో దేశంలో అప్పటికే దశాబ్దాలుగా ఒక్కో టేబుల్ పాతుకుపోయి ఉంది. అందుకే చాలాకాలం ఐదు టేబుల్స్ అఫీషియల్‌గా నడిచాయి, అమెరికా టోర్నాడో, ఫ్రాన్స్ బోంజీనీ, జర్మనీ లియోన్‌హార్ట్, ఇటలీ నుంచి గార్లాండో, రోబర్తో స్పోర్ట్, తర్వాత చైనా ఫైర్‌బాల్ కూడా చేరింది. టెన్నిస్‌లో క్లే కోర్టు, గ్రాస్ కోర్టు ఉన్నట్టే అంటారు కొందరు, నన్నడిగితే ఇక్కడ తేడా ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ నేలతో పాటు బాల్ మారుతుంది, బొమ్మ పాదం మారుతుంది, రాడ్ బరువు మారుతుంది, ఒక్కోచోట గోలీల సంఖ్య కూడా మారుతుంది.

టోర్నాడో గట్టి టేబుల్. పైన గట్టి లామినేట్, ప్లాస్టిక్ బొమ్మలు, పాదం పక్కల గరుకుగా గీతలు కొట్టి ఉంటాయి, చెక్క హ్యాండిల్ ఎనిమిది పలకలు. ఆ గరుకు వల్ల బాల్‌ని పక్కనుంచి రాసి పంపడం, అంటే బ్రష్ పాస్, చాలా కచ్చితంగా వస్తుంది. గోడలు కింద నిటారుగా ఉంటాయి కాబట్టి గోడకి కొట్టి వేసే బ్యాంక్ షాట్ లెక్క ప్రకారం వెళ్తుంది. అమెరికా ప్లేయర్ల పుల్ షాట్ (బాల్‌ని పక్కకి లాగి కొట్టేది), స్నేక్ షాట్ (బాల్‌ని పైనుంచి నొక్కి పట్టి, హ్యాండిల్ దొర్లించి కొట్టేది) అంత పేరు తెచ్చుకున్నాయంటే అందులో ఈ టేబుల్ వాటా చాలా ఉంది. టోనీ స్ప్రెడ్‌మన్ లాంటివాళ్ళ స్నేక్ చూస్తే మణికట్టు ఎప్పుడు కదిలిందో కంటికి తెలియదు.

బోంజీనీ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. బొమ్మలు మెటల్, అల్యూమినియం మిశ్రమం, నేల లినోలియం. కెఫేల్లో పాతకాలం నుంచీ ఆడేది బెండుతో చేసిన కార్క్ బాల్. పాదం ముందుభాగం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దీనివల్ల ఏమవుతుందంటే బాల్‌ని పాదం కింద నొక్కితే అక్కడే ఉంటుంది, జారదు, మొదటిసారి పట్టుకున్నవాళ్ళకి అబ్బ ఎంత కంట్రోల్ అనిపిస్తుంది. కానీ అదే పట్టు వల్ల టోర్నాడో అలవాటుతో పక్కకి లాగితే బాల్ మీరనుకున్న చోటికి రాదు, బొమ్మ ముందెళ్ళిపోతుంది, బాల్ వెనకబడుతుంది, మీరు కొట్టేసరికి పాదం అంచుకి తగిలి మెల్లగా గోలీ చేతిలోకి వెళ్తుంది. నాకు ఆ రోజు జరిగింది సరిగ్గా ఇదే. పైగా మెటల్ బొమ్మలున్న రాడ్ బరువు, కదలడం మొదలుపెట్టాక ఆపడానికి కూడా బలం కావాలి. ప్లాస్టిక్ బొమ్మల మీద వేళ్ళతో ఆడే డిఫెన్స్ ఇక్కడ ముంజేతితో ఆడాల్సి వస్తుంది, రెండు మ్యాచులయ్యాక చెయ్యి లాగేస్తుంది, అది ముందే తెలిసుంటే మంచిది.

లియోన్‌హార్ట్ నాకు ఈ రెంటికీ మధ్యలో అనిపిస్తుంది, కానీ మధ్యలో కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. బాల్ బాగా నిలబడుతుంది, పిన్ చేయడం, అంటే పాదం కింద బాల్‌ని నొక్కి పట్టడం, సుఖం, జర్మనీలో ఎక్కడికెళ్ళినా స్నేక్ కనిపిస్తుంది, వాళ్ళు దాన్ని జెట్ అంటారు. టోర్నాడో నుంచి వచ్చేవాళ్ళకి షాట్ పరంగా ఇది దగ్గర చుట్టం. పాస్ పరంగా మాత్రం మళ్ళీ నేర్చుకోవాలి, ఎందుకంటే బ్రష్ చేసినప్పుడు బాల్ వంపు తిరిగే తీరు వేరు.

ఇటాలియన్ టేబుల్స్ మీద నాకు అనుభవం తక్కువ కాబట్టి కొంచెమే చెప్తా. గార్లాండో మీద బొమ్మలు తేలిక, బాల్ గట్టిది, అంతా ఫాస్ట్, గట్టిగా నొక్కేవాళ్ళకి అది లొంగదు, మెత్తటి చెయ్యి కావాలి. రోబర్తో స్పోర్ట్ మీద నేల గాజు. ఇటలీలో ఇంకో సంగతి ఏంటంటే వాళ్ళ పాత సంప్రదాయ ఆటలో బాల్ ఆపకూడదు, వచ్చింది వచ్చినట్టే కొట్టాలి, దాన్ని వోలో అంటారు, కాబట్టి అక్కడి లోకల్ టోర్నమెంట్‌కి పేరిచ్చే ముందు వోలోనా, ఇంటర్నేషనల్ రూల్స్ ఆటా అని అడిగి తెలుసుకోండి, ఆపి ఆడే అలవాటున్నవాళ్ళకి వోలోలో చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

గోలీ ఒక్కడా, ముగ్గురా

టోర్నాడో క్లాసిక్ మీద గోల్ రాడ్‌కి ముగ్గురు బొమ్మలు, అంటే ఒక్కో టీమ్‌కి 13 మంది. యూరప్ టేబుల్స్ మీద గోలీ ఒక్కడే, 11 మంది. మన ఆఫీసు టేబుల్స్‌లో రెండు రకాలూ చూశాను. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ డిఫెన్స్ ఆడేవాళ్ళకి ఇది మొత్తం ఆటనే మార్చేస్తుంది. ముగ్గురున్నప్పుడు పక్కవాళ్ళిద్దరూ మూలలు చూసుకుంటారు, మధ్యవాడు గోల్ ముందు కొంచెం దూరమే కదులుతాడు, చెయ్యి అంతకంటే పోదు. ఒక్కడే ఉన్నప్పుడు మూలకి చేరిన బాల్ వాడికి అందదు కాబట్టి టేబుల్ చేసేవాళ్ళు మూలల్నో పక్కల్నో కాస్త ఎత్తుగా వాలుగా చేస్తారు, బాల్ దానంతట అదే దొర్లి వస్తుంది. ఆ వాలు వల్ల రెండు జరుగుతాయి. ఒకటి, బ్యాంక్ షాట్ మీరు లెక్కేసిన కోణంలో పోదు, అంచు ఎక్కి దిగేటప్పుడు దారి మార్చుకుంటుంది. రెండు, గోలీ చేతికి ప్రయాణం ఎక్కువ, ముగ్గురు గోలీల అలవాటున్న చెయ్యి గోల్ పోస్ట్ దగ్గర ఆగాల్సింది పోయి దాటి వెళ్ళిపోతుంది, ఆ సందులోంచి గోల్ పడుతుంది.

అందుకే కొత్త టేబుల్ దగ్గరికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని, బాల్ కూడా లేకుండా, గోల్ రాడ్ పట్టుకుని ఒక పోస్ట్ నుంచి ఇంకో పోస్ట్‌కి, కళ్ళు బొమ్మ మీద కాకుండా అవతలి త్రీ బార్ మీద పెట్టి, ఒక యాభై సార్లు. చూడ్డానికి పిచ్చిపనిలా ఉంటుంది, చుట్టూ అందరూ ఠపాఠపా షాట్లు కొడుతూ ఉంటారు. చెయ్యికి దూరం గుర్తుండిపోవడం ముఖ్యం.

రాడ్ వదిలేస్తే బొమ్మ ఎక్కడ ఆగుతుంది

ఇది ఎవరూ చెప్పని విషయం, నాకూ ఎవరూ చెప్పలేదు, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తా. టోర్నాడో బొమ్మలు కౌంటర్‌బ్యాలెన్స్ చేసి ఉంటాయి, అంటే తలవైపు బరువు, కాళ్ళవైపు బరువు సమానం, కాబట్టి బొమ్మల్ని పైకి లేపి రాడ్ వదిలేస్తే అలాగే ఉంటాయి. కౌంటర్‌బ్యాలెన్స్ లేని టేబుల్ మీద వదిలిన క్షణం కాళ్ళు కిందకి పడిపోతాయి. సింగిల్స్‌లో మీకు రెండే చేతులు, నాలుగు రాడ్లు. వెనక టూ బార్ (ఇద్దరు డిఫెండర్ల రాడ్) నుంచి షాట్ కొట్టాలంటే ముందున్న మీ ఫైవ్ బార్, త్రీ బార్ బొమ్మలు దారికి అడ్డం లేకుండా పైకి లేచి ఉండాలి. టోర్నాడో మీద లేపి వదిలేసి వెనక్కి వస్తారు. ఇంకో టేబుల్ మీద అదే చేస్తే మీ షాట్ మీ సొంత బొమ్మకే తగిలి ఆగిపోతుంది, నాకు మొదటి సెట్‌లోనే అలా రెండుసార్లు జరిగింది, రెండోసారి బాల్ తిరిగొచ్చి నా గోల్‌లోనే పడింది.

పరీక్ష చాలా తేలిక. ప్రతి రాడ్ బొమ్మల్నీ అడ్డంగా, నేలకి సమాంతరంగా లేపి వదిలి చూడండి. పడిపోతే సింగిల్స్‌లో వెనక నుంచి షాట్లు తగ్గించుకుని, పాస్‌లతో ముందుకి రావడమే మంచిది. డబుల్స్‌లో ఇబ్బంది తక్కువ, ముందు ఆడే పార్ట్‌నర్ రెండు రాడ్లూ పట్టుకునే ఉంటాడు, కానీ మీరు కొట్టబోతున్నారని వాడికి తెలియాలి, చిన్న మాటో సైగో పెట్టుకోండి.

మీ షాట్ ఉంచుకోవాలా, మార్చుకోవాలా

ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, ఏదైతే అదవుతుందని పాత షాటే ఆడటం. రెండోది, ఆ టేబుల్ వాళ్ళు ఆడే షాట్ ముందురోజు నేర్చుకుని ఆడటం. మూడోది, రెండూ వదిలేసి చాలా మామూలు షాట్, ఆపి, ఒకసారి పక్కకి జరిపి కొట్టేది, నెట్టుడో లాగుడో ఏదో ఒకటి, అది మాత్రమే ఆడటం.

రెండోదాని జోలికి వెళ్ళొద్దు. ఒక్క రాత్రిలో నేర్చుకున్న షాట్ ప్రాక్టీస్‌లో పది కొడితే ఏడు పడుతుంది, మ్యాచ్‌లో 4-4 ఉన్నప్పుడు చెయ్యి మళ్ళీ పాతదానికే పోతుంది, సగం కొత్తది సగం పాతది కలిసి రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. 

మొదటిదా మూడోదా అనేది మీ షాట్ ఏంటన్నదాని మీద ఉంటుంది. మీది స్నేక్ అయితే, అంటే బాల్‌ని పాదంతో పైనుంచి నొక్కి పట్టి, పక్కకి జరిపి, అరచేతితో హ్యాండిల్ దొర్లించి కొట్టేది, అది దాదాపు అన్ని టేబుల్స్ మీదా బతుకుతుంది, ఎందుకంటే దానికి కావాల్సింది నొక్కితే బాల్ నిలబడటం, పట్టున్న టేబుల్ మీద అది ఇంకా బాగా నిలబడుతుంది. బోంజీనీ మీద కూడా ఫ్రెంచ్ వాళ్ళు ఇప్పుడు స్నేక్ బాగానే ఆడుతున్నారు. మార్చుకోవాల్సింది ఒత్తిడి, గట్టి టేబుల్ మీద ఎంత నొక్కుతారో అంత నొక్కితే పట్టున్న టేబుల్ మీద బాల్ అతుక్కుపోయి పక్కకి రాదు, కాబట్టి తేలిగ్గా ఆనించి ఉంచండి. మీది పుల్ షాట్ అయితే కష్టం, ఎందుకంటే పుల్ షాట్‌కి ప్రాణం బాల్ ఎంత వేగంగా పక్కకి దొర్లుతుంది, బొమ్మ ఎప్పుడు దాన్ని అందుకుంటుంది అన్న టైమింగ్, నేల మారితే ఆ టైమింగ్ మొత్తం పోతుంది. పుల్ షాట్ వాళ్ళకి నా సలహా మూడో దారి, లాగే దూరం సగానికి తగ్గించేయండి, దగ్గర హోల్ (హోల్ అంటే గోల్‌లో షాట్ పెట్టే చోటు), మధ్య హోల్ మాత్రమే కొట్టండి, చివరి హోల్ ఆ రోజుకి లేదనుకోండి. అవతలివాడికి మీరెవరో తెలియదు కాబట్టి వాడు దూరం హోల్‌కి కాపు కాస్తూనే ఉంటాడు, కనీసం ఒక సెట్ అంతా.

వేగం తగ్గిందని బాధపడొద్దు. కొత్త టేబుల్ మీద గోల్స్ ఎక్కువ పడేది గోలీ ఇంకా నిలదొక్కుకోకముందు కొట్టిన మామూలు షాట్లకే.

ఫైవ్ బార్ దగ్గరే మ్యాచ్ పోతుంది

స్ట్రాస్‌బర్గ్‌లో నా మ్యాచ్ గురించి తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలింది ఏంటంటే, నేను మూడు సెట్లలో కలిపి త్రీ బార్ మీద బాల్ పట్టుకున్నది పట్టుమని ఏడెనిమిది సార్లు. షాట్ ఎంత గొప్పదైతే ఏంటి, కొట్టడానికి బాల్ రావాలి కదా. మిగతా అన్నిసార్లూ నా ఫైవ్ బార్ నుంచి వెళ్ళిన పాస్ అవతలి ఫైవ్ బార్ బొమ్మకి తగిలింది, లేకపోతే నా త్రీ బార్ దాకా వెళ్ళి ఆపలేక ఎగిరి పోయింది. ప్రాక్టీస్ చేసిన గంటన్నరలో గంటకి పైగా షాట్ మీదే పెట్టాను.

పాస్‌లో కూడా ఎంచుకోవాలి. బ్రష్ పాస్ అంటే నడుస్తున్న బాల్‌ని పక్కనుంచి రాసి వంపుతో పంపడం, స్టిక్ పాస్ అంటే బాల్‌ని బొమ్మల మధ్య జరుపుతూ సందు చూసి నేరుగా, గోడ వెంబడో లోపలి లేన్‌లోనో పంపడం. కొత్త టేబుల్ మీద స్టిక్ పాస్‌కే నా ఓటు. బ్రష్ పాస్ పాదం గరుకు మీద, బాల్ పైపొర మీద ఆధారపడుతుంది, అవి రెండూ కొత్తవే. స్టిక్ పాస్ నేరుగా వెళ్తుంది, ఏ టేబుల్ మీదైనా నేరు నేరే. గోడ వెంబడి పంపేటప్పుడు మాత్రం అంచు వాలుగా ఉందేమో చూసుకోండి, వాలుంటే ఆ లేన్‌లో బాల్ లోపలికి దిగి వచ్చేస్తుంది, అందుకునే బొమ్మని ఆ మేరకు లోపలికి జరిపి పెట్టాలి.

ప్రాక్టీస్‌లో దీన్నెలా చేయాలంటే, పార్ట్‌నర్‌ని అవతల నిలబెట్టి వాడి ఫైవ్ బార్ కదలకుండా పెట్టమనండి, మీరు ఒకే లేన్‌లో ముప్పై పాస్‌లు, గోల్ కొట్టకుండా, త్రీ బార్ మీద పూర్తిగా ఆపి, మళ్ళీ వెనక్కి తెచ్చి, మళ్ళీ పాస్. ఆపేటప్పుడు బొమ్మని కాస్త ముందుకి వంచి, బాల్ తగిలే క్షణంలో చెయ్యి వదులు చేయండి, మెటల్ బొమ్మ మీద బిగబట్టిన చేత్తో ఆపితే బాల్ రాయికి తగిలినట్టు తిరిగి పోతుంది. ముప్పైలో ఇరవై ఆగితే అప్పుడు షాట్ దగ్గరికి వెళ్ళండి. 

సింగిల్స్, డబుల్స్, ముందు, వెనక

ఎంట్రీ ఒక్కదానికే డబ్బు పెట్టేట్టయితే డబుల్స్ ఆడండి, అది కూడా ఆ టేబుల్ తెలిసిన లోకల్ ప్లేయర్‌తో. చాలా టోర్నమెంట్లలో చీటీలు తీసి పార్ట్‌నర్లని కలిపే ఈవెంట్ ఉంటుంది, అది కొత్తవాళ్ళకి వరం, టేబుల్ గురించి ఆ పార్ట్‌నర్ మ్యాచ్ మధ్యలో చెప్పే రెండు మాటలు మీరు గంటసేపు వెతికినా దొరకవు.

ముందు ఆడాలా వెనక ఆడాలా అంటే చాలామంది కొత్తగా వచ్చినవాడు వెనక నిలబడితే సేఫ్ అంటారు. నేను సగమే ఒప్పుకుంటా. గోలీల సంఖ్య మీకు అలవాటైనదే అయితే వెనక నిలబడండి, రాడ్ కదిలే దూరం ఒకటే కాబట్టి మీ డిఫెన్స్ పనిచేస్తుంది, లోకల్ పార్ట్‌నర్ ఫైవ్ బార్ చూసుకుంటాడు. ముగ్గురు గోలీల నుంచి ఒక్క గోలీకి మారుతుంటే మాత్రం వెనక నిలబడటం ముందు నిలబడటం కంటే కష్టం, ఎందుకంటే ముందు మీరు చేసే తప్పుకి బాల్ పోతుంది, వెనక చేసే తప్పుకి గోల్ పోతుంది. పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య, టైమ్‌ఔట్‌లో, సెట్ల మధ్య మీరిద్దరూ చోట్లు మారొచ్చు, ఒక్కో సెట్‌కి 30 సెకన్లవి రెండు టైమ్‌ఔట్లు ఉంటాయి. 0-2 అయినప్పుడే మారండి, 0-4 దాకా మొహమాటంతో ఆగొద్దు, సెట్ 5 గోల్స్‌కే అయిపోతుంది.

గ్రిప్ మాత్రం మీ సొంతది తెచ్చుకోండి

అన్నీ మార్చుకోమన్నాను గానీ ఇది ఒక్కటి మార్చొద్దు. ఎనిమిది పలకల చెక్క హ్యాండిల్‌కి అలవాటైన అరచేతికి గుండ్రటి హ్యాండిల్ ఇస్తే, పాదం ఇప్పుడు ఎటు చూస్తుందో చేతికి తెలియడం మానేస్తుంది. పలకలే ఆ సమాచారం ఇచ్చేవి. టెన్నిస్ రాకెట్‌కి చుట్టే టేపు, దాన్ని పట్టి ఉంచడానికి రబ్బర్ ట్యూబ్, ఇవి రెండూ బ్యాగులో ఉంటే ఏ హ్యాండిల్ అయినా కొంత మీది అవుతుంది, స్నేక్ ఆడేవాళ్ళకి తప్పనిసరి. చెమట పట్టే చేతులైతే గ్లవ్. ఏది వాడినా ప్రాక్టీస్ నుంచే వాడండి, సెమీస్‌లో మొదటిసారి గ్లవ్ వేసుకున్నవాళ్ళని చూశాను, వద్దు.

ఇంటి రూల్స్, కెఫే రూల్స్, అసలు రూల్స్

మన ఆఫీసుల్లో రాడ్ గిర్రున తిప్పడం మామూలు, ఐటీఎస్‌ఎఫ్ రూల్స్‌లో బాల్ కొట్టే ముందైనా తర్వాతైనా రాడ్ 360 డిగ్రీలు దాటి తిప్పకూడదు. స్నేక్ అంత తిరిగినా ఆ లోపే ఆగుతుంది కాబట్టి ఒప్పే. ఫ్రెంచ్ కెఫేల్లో ఫైవ్ బార్ నుంచి కొట్టిన గోల్ లెక్కలోకి రాదంటారు, గోల్‌లోకి వెళ్ళి బయటకొచ్చిన బాల్‌కి గామెల్ అని పేరు పెట్టి వేరే లెక్క కడతారు. టోర్నమెంట్‌లో అవేమీ లేవు, ఏ రాడ్ నుంచి కొట్టినా గోలే, లోపలికి వెళ్ళి తిరిగొచ్చినా గోలే. ఫైవ్ బార్ మీద బాల్ 10 సెకన్లు, మిగతా రాడ్ల మీద 15 సెకన్లు ఉంచుకోవచ్చు. కొత్త టేబుల్ మీద అందరూ తొందరపడతారు, ఈ 15 సెకన్లు చాలా ఎక్కువ టైమ్, ఒకసారి వాచీ పెట్టుకుని బాల్ పట్టుకుని నిలబడి చూడండి. 

ఏ టేబుల్ అని మిమ్మల్నే అడిగితే

పెద్ద ఈవెంట్లలో అదృష్టం ఏంటంటే ఛాయిస్ ఉంటుంది. వరల్డ్ కప్ లాంటి మల్టీ టేబుల్ ఈవెంట్లలో, 2017లో హాంబర్గ్‌లో, 2019లో ముర్సియాలో, 2022లో నాంత్‌లో జరిగినవాటిలాంటివి, ఎవరికి బలమైన టేబుల్ వాళ్ళు ఎంచుకోవడం ఆటలో భాగం. ఒకే మ్యాచ్‌లో మీ టేబుల్ మీద కొన్ని సెట్లు, అవతలివాళ్ళ టేబుల్ మీద కొన్ని. బెల్జియం ప్లేయర్ ఫ్రెడెరిక్ కొలిన్యాన్‌ని అంత గొప్పవాడంటున్నది అందుకే, ఒక్క టేబుల్‌కి కట్టుబడకుండా వేర్వేరు టేబుల్స్ మీద వరల్డ్ టైటిల్స్ గెలిచాడు. 

మనలాంటివాళ్ళ స్థాయిలో క్లబ్ టోర్నమెంట్‌లో కూడా రెండు రకాల టేబుల్స్ పెట్టి, టాస్ గెలిచినవాళ్ళని ఎంచుకోమంటారు కొన్నిచోట్ల. అప్పుడు మీ పాత టేబుల్‌కి ఏది దగ్గరో అది తీసుకోండి, టోర్నాడో వాళ్ళయితే లియోన్‌హార్ట్, ఆఫీసులో జారుడు టేబుల్ మీద పెరిగినవాళ్ళయితే గార్లాండో వైపు చూడొచ్చు, మెత్తటి చెయ్యి ఉంటే. బోంజీనీ మాత్రం కనీసం ఒక రోజు ముందు వెళ్ళి ఆడే వీలుంటేనే. అవతలివాడికి కూడా కొత్తదైన మూడో టేబుల్ ఉంటే నేను ఏమాత్రం ఆలోచించకుండా అదే అడుగుతా, ఇద్దరికీ తెలియని టేబుల్ మీద మామూలు షాట్, ఆపడం వచ్చినవాడిదే పైచెయ్యి.

ముందురోజు సాయంత్రానికల్లా చేరుకోండి, హాల్ తెరిచే ఉంటుంది, ప్రాక్టీస్ టేబుల్స్ ఖాళీగా దొరికేది అప్పుడే. మ్యాచ్ రోజు పొద్దున టేబుల్ దగ్గర క్యూ ఉంటుంది, మీ వంతుకి పది నిమిషాలొస్తే గొప్ప. ఆ పది నిమిషాలే దొరికాయనుకోండి, గోల్ రాడ్ పోస్ట్ నుంచి పోస్ట్‌కి రెండు నిమిషాలు, బొమ్మలు లేపి వదిలి చూడటం ఒక నిమిషం, ఒకే లేన్‌లో స్టిక్ పాస్ ఐదు నిమిషాలు, మిగిలిన రెండు నిమిషాలు షాట్. టాస్ గెలిస్తే సర్వ్ తీసుకోండి, బాల్ మీ ఫైవ్ బార్ మధ్య బొమ్మ దగ్గర మొదలవుతుంది, అవతలివాడిని రెడీయా అని అడిగి, వాడు రెడీ అన్నాక, రెండు బొమ్మలకి తగిలించి, పది సెకన్లూ వాడుకుని, ఇందాక ప్రాక్టీస్ చేసిన అదే లేన్‌లోకి పంపండి.